కాలమ్ మెటాడేటా: డేటా టైప్ పొంతన లోపాలు

డేటాబేస్‌లోని కాలమ్ ఏ రకమో, ఎంత పొడవో చెప్పే సమాచారం కాలమ్ మెటాడేటా. దాన్ని చదివే ప్రోగ్రామ్ ఒక రకం ఆశించగా, డేటాబేస్ మరొకటి పంపినప్పుడు పొంతన లోపం వస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో లాంగ్‌టెక్స్ట్ కాలమ్ గరిష్ఠ పొడవు 4,29,49,67,295 అని, మెటాడేటా ఉండే ఇన్ఫర్మేషన్ స్కీమా చెబుతుంది. మామూలు 32 బిట్ల పూర్ణాంకంలో పట్టేది 2,14,74,83,647 వరకే. ఇక్కడ తప్పు డేటాబేస్‌ది కాదు, చదివే కోడ్‌ది. 64 బిట్లలో చదివితే సరిపోతుంది.

అన్నిటినీ అక్షరాలుగానే చదివేస్తే గొడవే ఉండదు కదా అనవచ్చు. కానీ లోపం పోదు, పోలికల దగ్గరికి జరుగుతుంది: అక్షరక్రమంలో 9 కంటే 10 ముందొస్తుంది. పోనీ, మెటాడేటా మాటే వేదమా? అదీ కాదు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఫోర్సైత్ కౌంటీ కేంద్రం కమ్మింగ్ జిప్ కోడ్‌లలో ఒకటి 30040. ఒక తెలుగు సంఘం సభ్యుల పట్టికలో దాన్ని పూర్ణాంకంగా దాచినా ఏ ఇబ్బందీ కనబడదు. అదే పట్టికలోకి న్యూజెర్సీలోని ఎడిసన్ వారి 08817 చేరిందా, 8817 మిగులుతుంది. మెటాడేటా మాత్రం నిజాయితీగానే పూర్ణాంకమంటుంది. అక్కడ దిద్దాల్సింది చదివే కోడ్‌ను కాదు, కాలమ్ నిర్వచనాన్ని. రకం మార్చినంత మాత్రాన పోయిన సున్నా తిరిగిరాదు; ఐదంకెలకు తగ్గిన ప్రతి కోడ్‌కూ ముందు సున్నాలు చేర్చాలి.