కూలి అడగని హాలికుడు

జెఫ్రీ చాసర్ వ్రాసిన 'కాంటర్‌బరీ కథలు' అనగానే మనవారికి స్ఫురించేవి వసంతకాలము, సత్రము, నవ్వించే కథలు. ఆ గుంపులో ఒక యాత్రికుడున్నాడు. కవి అతనిని మెచ్చుకొన్నాడే గాని అతని నోట ఒక్క కథ కూడా చెప్పించలేదు. ఆ హాలికుని గురించి నాలుగు మాటలు మిత్రులతో పంచుకోవాలని ఈ ప్రయత్నము.

ముందు కథాసందర్భము. థేమ్స్ నదికి దక్షిణపు గట్టున సదర్క్ అనే పేట, అందులో టాబర్డ్ అనే సత్రము. ఏప్రిల్ నెలలో ఒక సాయంకాలము ముప్పది మందికి కాస్త అటూ ఇటూగా యాత్రికులు అక్కడ కలిసినారు. అందరూ పోయేది కాంటర్‌బరీకి. 1170 డిసెంబరు 29న రాజు రెండవ హెన్రీ భటుల చేతిలో తన ప్రధానాలయంలోనే హతుడై, 1173లో పునీతుడుగా ప్రకటింపబడిన ఆర్చిబిషప్ థామస్ బెకెట్ సమాధి అక్కడ ఉండేది. పోయేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు చొప్పున ప్రతివారూ కథలు చెప్పాలని, గెలిచినవారికి తక్కినవారు విందు పెట్టాలని సత్రం యజమాని హ్యారీ బెయిలీ ఏర్పాటు చేసినాడు. లెక్కకు నూటయిరవై కథలు కావలె. మనకు దక్కినవి 24, అందులోనూ కొన్ని అసంపూర్ణములు.

ఓరుగల్లు వీథులను చూపించిన మన క్రీడాభిరామము చదివినవారికి ఈ జనసమ్మర్దము కొత్త కాదు. పంది ఎముకలను పునీతుల అస్థికలని చూపి సొమ్ము చేసుకొనే పాపక్షమాపత్రాల వ్యాపారి ఒకడు. మఠంలో కూర్చొనక వేటకు తిరిగే సన్యాసి ఒకడు. ఐదుగురు భర్తలను చేసుకొని, మూడుమార్లు జెరూసలేము చూసి వచ్చిన బాత్ ఊరి గృహిణి ఒకతె. వస్త్రాల నేతలో ఆమె ముందు ఈప్ర్, గెంట్ నగరాలవారు కూడా తీసికట్టేనట! వీరందరినీ నవ్వుతూనే ఎత్తిపొడిచిన కవి ముగ్గురి జోలికి మాత్రము పోలేదు. యుద్ధము చేసే వీరుడు, ప్రార్థన చేసే బీద గ్రామపురోహితుడు, అతని సోదరుడైన హాలికుడు. పోరాడేవారు, ప్రార్థించేవారు, శ్రమించేవారు అని ఆనాటి యూరపు సమాజాన్ని మూడుగా విభజించి చెప్పేవారు. ఒక్కొక్క వర్గానికి ఒక్కొక్క ఆదర్శమూర్తి అన్నమాట.

హాలికుడు ఎటువంటివాడు? పేడ మోసినవాడు, శాంతస్వభావుడు, దైవభక్తుడు. చర్చికి చెల్లవలసిన దశమభాగము లోటు లేకుండా చెల్లిస్తాడు. బీదవారికోసమైతే కూలి పుచ్చుకొనకుండానే కళ్లము నూరుస్తాడు, కాలువ త్రవ్వుతాడు. మంచిదే. కాని ఈ 'కూలి పుచ్చుకొనకుండా' అన్న మాట దగ్గర చరిత్ర తెలిసినవాడు ఆగవలె.

1348-49 సంవత్సరాల మహామారిలో ఇంగ్లండు జనాభాలో మూడవ వంతుకు తక్కువ కాకుండా నశించినది. పొలాలు మిగిలినవి, దున్నేవారు కరవైనారు. బ్రతికిన కూలీలు ఎక్కువ కూలి అడిగినారు. మహామారికి ముందరి కూలికే పని చేయాలని 1349లో రాజశాసనము, 1351లో పార్లమెంటు చట్టము వచ్చినవి. దానిపై తలపన్నులు. 1377లో తలకు నాలుగు పెన్నీలుగా ఉన్నది, 1380 చివర మంజూరైన మూడవ పన్నుకు పన్నెండు పెన్నీలైనది. 1381 జూన్‌లో జనము తిరుగబడినారు.

కెంటు ప్రాంతపు తిరుగుబాటుదారులు జూన్ 10న కాంటర్‌బరీలో ప్రవేశించినారు. అక్కడినుండి లండనుకు నడిచి, సదర్క్‌లోని చెరసాల బ్రద్దలు కొట్టినారు. చాసర్ యాత్రికులు పోయే దారి ఇదే, దిక్కు మాత్రము ఎదురు. జూన్ 14న లండను కోటనుండి బయటికి లాగి వారు తల నరికిన సైమన్ సడ్బరీ, బెకెట్ కూర్చొన్న పీఠము మీదనే కూర్చొన్న కాంటర్‌బరీ ఆర్చిబిషప్. ఎసెక్స్ జనము నగరంలోకి వచ్చినది ఆల్డ్‌గేటు ద్వారము గుండా. ఆ ద్వారము మీది ఇంటిని 1374నుండి కౌలుకు పుచ్చుకొన్నవాడు మన కవి. వారు తగులబెట్టిన సవాయ్ సౌధము అతనికి వార్షికభృతి ఇచ్చిన జాన్ ఆఫ్ గాంట్‌ది.

చాసర్ సుంకాల కొలువులో పని చేసిన ఉద్యోగి కూడా. 1385నుండి కొన్నేళ్లు కెంటులో శాంతిన్యాయాధిపతులలో ఒకడు. కూలిచట్టాలను అమలుచేయడము ఆ న్యాయాధిపతుల విధులలో ఒకటి. 'కథలు' మొదలుపెట్టినది 1387 ప్రాంతంలో. అంత జరిగిన పిమ్మట ఆ తిరుగుబాటును పేరెత్తి చెప్పినది ఒక్కచోటనే. కోడిపుంజు కథలో నక్కను తరిమే గోలను, ఫ్లెమిష్ వలసదారులను చంపిన నాటి జాక్ స్ట్రా ముఠా కేకలతో పోల్చి ముందుకు సాగిపోయినాడు.

కనుక ఆ హాలికుడు చాసర్ చూచిన రైతు కాడని నా అభిప్రాయము. భూస్వాములు కోరుకొన్న రైతు. కావ్యము అసంపూర్తి గదా, కథ లేనివారు ఇంకా ఉన్నారు గదా అనవచ్చును. నిజమే. మౌనము సంగతి అట్లుంచినా, ఆ వర్ణన మాత్రము కవి పూర్తిచేసి పెట్టినదే.

అయితే చాసర్‌ను భూస్వాముల కవి అని త్రోసివేయలేము. మొదటి కథ వీరుడు చెప్పగానే, మర్యాద ప్రకారము సన్యాసిని పిలుస్తాడు సత్రం యజమాని. తప్పత్రాగిన మిల్లుగాడు అడ్డుపడి, నా కథ వినవలసిందే, లేకుంటే నా దారి నేను పోతానంటాడు. వరుస చెడిపోతుంది, మిల్లుగాని మాటే నెగ్గుతుంది. దున్నేవానికి ఇవ్వని నోరు పిండి విసిరేవానికి ఇచ్చినాడు కవి. అధికారి తీర్చిన బొమ్మ ఒకటి, కవి విన్న గొంతు ఒకటి. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నవి.

బెకెట్ సమాధిని 1538లో ఎనిమిదవ హెన్రీ పడగొట్టించినాడు. యాత్ర ఆగినది, పుస్తకము మిగిలినది. మిత్రులు ఈసారి ఉపోద్ఘాతము చదివేటప్పుడు నవ్వించేవారి దగ్గరనే ఆగిపోక, ఆ అన్నదమ్ముల దగ్గర కూడా ఒక నిమిషము నిలువవలెనని నా విన్నపము.