చర్ఖీ దాద్రీ పైన వెయ్యి అడుగుల ఫాసలా

1996 నవంబర్ 12, మగ్రిబ్ దాటింది. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ బోయింగ్‌ని 14,000 అడుగుల్లో ఆగమన్నారు. ఎదురుగా దిగుతున్న కజక్ ఇల్యూషిన్‌కి హుకుం 15,000. అందులో కంట్రోల్‌తో మాట్లాడేది పైలట్ కాదు, రేడియో ఆపరేటర్. ఎత్తు తెలియాలంటే పైలట్ల భుజాల మీంచి తొంగి చూడాలి బిచారా. విమానమేమో ఇంకా కిందికి జారింది. ఢిల్లీ రాడార్‌కి ఎత్తు కనబడదు, రేడియోలో విన్న మాటే సబూత్. రాకకీ పోకకీ ఒకటే రాస్తా.

349 మంది మరహూమ్ అయ్యారు. సౌదీ విమానంలో ఎక్కువమంది కమాయీ కోసం బయల్దేరిన మనవాళ్లే.

లాహోటీ కమిషన్ కజక్ సిబ్బందిదే కుసూర్ అంది. సహీ. కానీ ఒక్క జబాన్ మీద అంత భరోసా పెట్టుకున్న ఇంతెజామ్‌ని నేను మాఫ్ చేయలేను. ఎదురొచ్చే విమానాన్ని పసిగట్టి పైలట్‌ని హెచ్చరించే టీకాస్ ఆ తర్వాతే మన ఆస్మాన్‌లో లాజిమీ అయింది.