రహీం సాబ్ తర్వాత ఎవరు?

ఈ ఎపిసోడ్ ఐడియా నాకు షిఫ్ట్ బస్సులో వచ్చింది. నేను పని చేసేది శ్రీ సిటీలో. తెల్లవారుజామున సత్యవేడు నుంచి ఎక్కితే సగం మంది నిద్రలో ఉంటారు, మిగతా సగం ఫోన్లో హైలైట్స్ చూస్తుంటారు. ఆ రోజు వెనక సీట్లో ఇద్దరు మాంచెస్టర్ యునైటెడ్ ఫ్యాన్స్ గట్టిగా తగులుకున్నారు. నెక్స్ట్ మేనేజర్ ఎవరు రావాలి అని. ఒకడు "పాత ప్లేయర్ అయితేనే క్లబ్ అంటే ఏందో తెలుస్తాది" అంటాడు, ఇంకొకడు "పాతోళ్ళను పెట్టి పెట్టి ఈడికొచ్చినాం కదరా" అంటాడు. డ్రైవరన్న అద్దంలోంచి చూసి, "ఏమప్పా, ఆ క్లబ్బు మీకేమన్నా జీతం ఇస్తాదా?" అన్నాడు. బస్సంతా నవ్వింది.

నవ్వాను గానీ, నాకు ఒక విషయం తట్టింది. ఈ "తర్వాత ఎవరు" అనే ప్రశ్న ఒకప్పుడు మన తెలుగు నేల మీదే పుట్టింది. చాలా పెద్ద ప్రశ్న అది. అప్పుడు దానికి సరైన జవాబు దొరకలేదు. ఆ కథే ఈ రోజు.

ముందు దగ్గరి కథ చెప్పి వెనక్కి వెళ్తాను. మాకు హైదరాబాద్ కన్నా మద్రాసు దగ్గర. అందుకే మా బస్సులో ఐఎస్ఎల్ చూసేవాళ్ళలో ఎక్కువ మంది చెన్నైయిన్ ఎఫ్‌సీ. నేనూ మా రూమ్మేటూ మాత్రం మొండిగా హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019లో క్లబ్ పుట్టింది, మొదటి సీజన్‌లోనే అట్టడుగున నిలిచింది. కోచ్ ఫిల్ బ్రౌన్‌ని మధ్యలోనే పంపించేశారు. ఆల్బర్ట్ రోకా వచ్చాడని సంబరపడితే, ఆయన 2020లో సీజన్ మొదలవకముందే బార్సిలోనా స్టాఫ్‌లోకి వెళ్ళిపోయాడు. బార్సిలోనా పిలిస్తే ఎవడు ఆగుతాడు చెప్పండి! ఆ ఖాళీలోకి మనోలో మార్కెజ్ వచ్చాడు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలిచి కప్పు కొట్టాం. గోల్‌కీపర్ కట్టిమణి ఆ రాత్రి దేవుడిలా కనిపించాడు నాకు.

2023లో మనోలో గోవాకి వెళ్ళిపోయాడు. మా రూమ్‌లో పెద్ద డిబేట్. స్పెయిన్ వాడే కావాలని నేను, ఇండియన్ కోచ్‌కి ఛాన్స్ ఇవ్వాలని వాడు. రెండు రోజులు మాటల్లేవు మా మధ్య. తీరా చూస్తే ఆ తర్వాతి సీజన్‌లో జీతాల గొడవలు, ఆటగాళ్ళు వెళ్ళిపోవడం, మళ్ళీ అట్టడుగు. చివరికి 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మారిపోయింది. మేము కోచ్ కుర్చీలో ఎవరు కూర్చోవాలని కొట్టుకున్నాం, ఇల్లే ఖాళీ అయింది.

అదే మనోలో తర్వాత ఇండియా కోచ్ అయ్యాడు, 2025 జులైలో తప్పుకున్నాడు. ఆ పోస్టుకి 170 అప్లికేషన్లు వచ్చాయి. అందులో జావీ పేరుతో ఒకటి, గార్డియోలా పేరుతో ఒకటి! అవి ఫేక్ మెయిల్స్ అని ఫెడరేషనే చెప్పాల్సి వచ్చింది. చివరికి ఖాలిద్ జమీల్‌ని తీసుకున్నారు. 13 ఏళ్ళ తర్వాత ఒక ఇండియన్‌కి ఆ కుర్చీ దక్కింది.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. సయ్యద్ అబ్దుల్ రహీం. 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగన్ వేసిన పాత్ర ఈయనదే. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు, ఉస్మానియాలో బీఏ చదివారు, బడిపంతులుగా పని చేశారు. అంతర్జాతీయ ఆటగాడేమీ కాదు. ఈ రోజు "కోచ్‌కి పెద్ద పేరుండాలి" అనే బ్యాచ్ ఈయన రెజ్యూమె చూస్తే పక్కన పడేస్తారేమో!

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికి వచ్చింది. అంతే, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు ఎత్తుకొచ్చారు. డ్యూరాండ్ కప్ కూడా గెలిచారు, అదీ కలకత్తా మోహన్ బగాన్‌ని ఓడించి. అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా, ఆ కలకత్తాకే హైదరాబాద్ పోలీసోళ్ళు చూపించారన్నమాట.

ఎలా చేశారు? ఆయనొక టీచర్ కదా, ఆటని కూడా పాఠంలానే చెప్పేవారు. బంతిని కాళ్ళ దగ్గర పెట్టుకుని డ్రిబ్లింగ్ చేస్తూ కూర్చోకుండా, ఒక్క టచ్‌లో పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఎడమ కాలు బలహీనంగా ఉందా? బలహీనమైన కాలితో మాత్రమే ఆడాల్సిన టోర్నమెంట్లే పెట్టేవారు పిల్లలకి. నాకు ఇది భలే నచ్చింది. లెక్కల్లో వీక్‌గా ఉన్నవాడికి లెక్కల పరీక్షే పెట్టినట్టు.

ఇండియా జట్టుకీ ఆయనే కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్ మీద 1-0తో స్వర్ణం. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 దెబ్బ. మనవాళ్ళు చాలామంది అప్పుడు బూట్లు లేకుండా ఆడేవారు. ఈ రోజుల్లో అయితే ఆ రాత్రికే హ్యాష్‌ట్యాగ్ వచ్చేసేది, కోచ్‌ని తీసెయ్యండి అని. నాలుగేళ్ళ తర్వాత 1956 మెల్బోర్న్‌లో అదే రహీం సాబ్ టీమ్ ఆస్ట్రేలియాని 4-2తో కొట్టింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. ఆ టీమ్‌లో అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం... హైదరాబాద్ వాళ్ళే ఎంతమందో!

ఇంక 1962 జకార్తా. అప్పటికే రహీం సాబ్‌కి ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌ని, జపాన్‌ని ఓడించారు. (శ్రీ సిటీలో జపాన్ కంపెనీలు బోలెడు. జపాన్‌ని 2-0తో కొట్టామని మా క్యాంటీన్లో చెప్తే ఒక్కడూ నమ్మలేదు.) జర్నైల్ సింగ్ డిఫెండర్, తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం ఏం చేశారంటే, ఆయన్ని తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు! సెమీస్‌లో గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్ళీ దక్షిణ కొరియానే. ఇజ్రాయెల్, తైవాన్ జట్లకి ఇండోనేషియా వీసాలివ్వకపోవడాన్ని మన దేశం అధికారి సోంధీ తప్పుపట్టాడని అక్కడి జనం మన మీద రగిలిపోతున్నారు. స్టేడియం మొత్తం వ్యతిరేకమే. ఆ హోరులోనే పీకే బెనర్జీ ఒకటి, కుట్లతో ఉన్న జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1. స్వర్ణం.

1963 జూన్ 11న రహీం సాబ్ చనిపోయారు. 53 ఏళ్ళు.

ఆయనతోనే ఇండియన్ ఫుట్‌బాల్ సమాధి అయిపోయిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. 1964 ఆసియా కప్‌లో హ్యారీ రైట్ అనే ఇంగ్లీష్ కోచ్ కింద మనం రెండో స్థానంలో నిలిచాం. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం, కెప్టెన్ మన హైదరాబాద్ నయీముద్దీన్. మన సీమలో చెరువు చూశారు కదా. పైనుంచి వచ్చే కాలువ పూడిపోయినా చెరువు ఆ ఏడాదే ఎండదు. రెండేళ్ళు, మూడేళ్ళు నీళ్ళు కనిపిస్తాయి. అంతా బాగుందనుకుంటాం.

ఆ కాలువ ఎవరు? రహీం సాబే. ఆయన బడిలో టీచర్, అంటే పిల్లల్ని ముందే గమనించేవాడు. 1940ల నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి, అంటే ఆ పిల్లలకి టోర్నమెంట్లు పెట్టేవాడు. పోలీస్ జట్టు కోచ్, అంటే వాళ్ళని తీర్చిదిద్దేవాడు. పైన ఇండియా కోచ్. ఆయన పోతే ఖాళీ అయినవి నాలుగు కుర్చీలు. బయటికి కనిపించింది మాత్రం ఆఖరిది ఒక్కటే. దానికి మనిషిని వెతికారు, దొరికాడు కూడా. మిగతా మూడింటినీ ఆయనలా ఒక్క తీగ మీద నడిపేవాడు మళ్ళీ రాలేదు. 1960 రోమ్ తర్వాత ఒలింపిక్స్‌కి మన ఫుట్‌బాల్ జట్టు ఇప్పటిదాకా వెళ్ళలేదు. ఆసియా స్వర్ణం కూడా 1962దే చివరిది.

పెద్ద క్లబ్బులకీ ఇదే తిప్పలు. ఫెర్గూసన్ 26 ఏళ్ళు ఉండి 2013లో తప్పుకుంటూ తన వారసుడిగా డేవిడ్ మోయెస్‌ని స్వయంగా ఎంచాడు. 6 ఏళ్ళ కాంట్రాక్ట్ ఇచ్చారు. ఏడాది కూడా ఉండలేదు పాపం. అయితే వాళ్ళకి అకాడమీ ఉంది, డబ్బుంది, పడినా లేవడానికి దిక్కుంది. మనకి ఉన్నది ఒక్క పంతులు.

ఇదంతా మర్నాడు బస్సులో ఆ ఇద్దరికీ చెప్పాను. శ్రద్ధగా విన్నారు. తడ దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందులో ఒకడు అడిగాడు: "అన్నా, బలహీనమైన కాలితో ఆడే టోర్నమెంట్ మన గ్రౌండ్‌లో పెడదామా?" వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకి అనుకున్నాం. నా ఎడమ కాలి సంగతి దేవుడికే తెలియాలి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.