ఇత్తడి తూటా, వానకాలపు చీలిక

నేను నివసించు సైనిక్‌పురి విశ్రాంత సైనికులకై వెలసిన కాలనీ. ఇచటి కొందఱి యిండ్లలో కాల్చిన తూటాల ఇత్తడి గొట్టములు అలంకారములై యుండును. వానిని దేనితో తోమవలెనని యొక మిత్రుడు న న్నడిగెను. దానికి చరిత్రయే సమాధానము చెప్పుచున్నది.

1857 నాటి తూటాకు కాగితమే తొడుగు. 1866లో బాక్సర్ అను ఆంగ్ల సైనికోద్యోగి స్నైడర్ తుపాకికి పలుచని ఇత్తడిరేకు చుట్టిన తూటాను కల్పించెను. పిదప ఇత్తడిబిళ్లనే సాగదీసి గొట్టము చేయు పద్ధతి వచ్చెను. అందు నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము. మందు పేలినపుడు గొట్టము ఉబ్బి తుపాకిగదికి హత్తుకొని, మరల ముడుచుకొని వెలికి వచ్చును. కావుననే దానిని మరల నింపవచ్చును.

అయితే భారతదేశమందలి ఆంగ్లసైన్యమున కొక వింత యెదురయ్యెను. వానకాలమున గుఱ్ఱపుసాలలయం దుంచిన తూటాలు, ఎవరును తాకకయే చీలిపోవుచుండెను. ఋతువుతో వచ్చు చీలిక యని దానికి పే రిడిరి. 1921లో కారణము తేలెను. గుఱ్ఱపు మూత్రమునుండి వెలువడు అమ్మోనియా, గాలిలోని తేమ, సాగదీయుటచే లోహమున నిలిచిన బిగువు, ఈ మూడును కూడినచో ఇత్తడి పగులును. మితముగా వేడిచేసి ఆ బిగువును సడలించుటయే నివారణోపాయము.

కావున అమ్మోనియా గల మెఱుగుమందులు వీనికి తగవు. మన అమ్మమ్మలు చెంబులు తోమిన చింతపండే చాలును; దాని పులుపు చిలుమును కరగించును. పులుపు మిగులకుండ మంచినీట కడిగి, పొడిబట్టతో తుడువవలెను.

ఇక వానిలో మందు నింపు మాటయా? 1959 నాటి ఆయుధచట్టము ననుసరించి, అనుమతి లేక తూటా తయారుచేయుట నేరము. అలంకారమున కుంచుకొన్నవారు సైతము, తళతళను చూచి మురియుటకు ముందు, మూతియంచున సన్నని చీలిక కలదేమో పరికించుడు.