చెవినుండి కంటికి

అక్షరములు వచ్చుట ఒకటి, చదువరి యగుట వేరొకటి. గుణింతములు, ఒత్తులు చక్కగా నేర్చిన పిల్లవాడు పుటంతయు గడగడ చదివి, అందులో ఏమున్నదని అడుగగా తెల్లమొగము వేయుట మన యిండ్లలో తరచు చూచుచున్నదే. ఈ రెంటి నడుమ నున్న దూరమును తగ్గించుటకు తెలుగువారు చేసిన కృషికి ఒక చరిత్ర కలదు. అందులో రేడియోకును కొంత పాలున్నది.

వెనుకటి వీథిబడులలో చదువు చెవితో ఆరంభమయ్యెడిది. బాలుడు ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్దుచు, వానిని పైకి పలుకుచు నేర్చెడివాడు. ఎక్కములు, శతక పద్యములు, అమరము అర్థము తెలిసినను తెలియకున్నను వల్లె వేయవలసినదే. ఈ పద్ధతి ధారణను పెంచినది, ఉచ్చారణను దిద్దినది. పెద్దబాలశిక్ష అక్షరములు మొదలు నీతివాక్యముల వరకు ఒక్కచోట చేర్చి, ఎన్నో యిండ్లలో తరతరముల చదువునకు ఆధారమైనది. అయినను పిల్లలు తమంతట తాము కోరి తెరచు పుస్తకములు అప్పటికి అరుదు.

ఆ లోటును తీర్చుటకు పూనుకొన్న వారిలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ముఖ్యులు. 1938లో మదరాసు కేంద్రమున తెలుగు ప్రసారములు ఆరంభమైన పిమ్మట, వారు పిల్లల కార్యక్రమములు నడపి, రేడియో అన్నయ్యగా, రేడియో అక్కయ్యగా ఇంటింటికి ఆత్మీయులైరి. బాలానంద సంఘమును స్థాపించి పిల్లలచేత పాడించిరి, నాటకము లాడించిరి, కథలు చెప్పించిరి. 1945 ఆగస్టులో ‘బాల’ పత్రికను వెలువరించిరి. పాటలతో, కథలతో చెవికి పరిచయమైన మాట అచ్చులో కనబడినపుడు పిల్లలకు క్రొత్తగా తోచదు. చెవి ఎరిగిన దానిని కన్ను గుర్తుపట్టును. అంతేకాదు, ‘బాల’ పిల్లల రచనలకును చోటిచ్చినది. నాటికి బాలుడైన ముళ్ళపూడి వెంకటరమణ తొలి కథ 1945లో అందులోనే అచ్చైనది. తన యీడువాని పేరు అచ్చులో చూచిన పిల్లవానికి, వ్రాయుట తనకును సాధ్యమేయను ధైర్యము కలుగును. అట్టివాడు చదువునపుడు మాటమాటను పట్టి చూచును.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్ల ‘చందమామ’ వచ్చినది. తేటతెలుగు వాక్యములు, కథ ప్రక్కనే బొమ్మ దాని ప్రత్యేకతలు. బొమ్మ చూచి కథను ఊహించుట, చదివి ఆ యూహను సరిచూచుకొనుట పిల్లలకు ఆటగా నుండెడిది. బేతాళ కథలో ప్రశ్న వచ్చినపుడు విక్రమార్కునికంటె ముందుగా తామే జవాబు చెప్పవలెనని ఎందరో ఉబలాటపడిరి. ఫోటోలకు వ్యాఖ్యలు వ్రాయు పోటీ, కొద్ది మాటలలో భావమును ఇముడ్చుట నేర్పినది. ఇవన్నియు వినోదములే, కాని చదివినదానిని తలపోయు అలవాటు వీనివలన అబ్బినది.

‘బాల’ 1959లో ఆగినది. ‘చందమామ’యు నేడు వెలువడుట లేదు. అయినను అవి చూపిన త్రోవ మూసుకొనిపోలేదు. దానికి పెద్ద వ్యయమును అక్కరలేదు. రాత్రి భోజనమైన పిమ్మట తల్లియో, తాతయ్యయో ఒక కథ పైకి చదువవచ్చును. ముగింపునకు ముందు ఆగి, తరువాత ఏమి జరుగునో పిల్లలను చెప్పుమనవచ్చును. మరునాడు ఆ కథకు బొమ్మ వేయించి, దాని క్రింద రెండు వాక్యములు వారిచేతనే వ్రాయించవచ్చును. రేడియోలో విన్న నాటికను అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు కలసి ఇంటిలో ఆడవచ్చును. తప్పు చదివినపుడు గద్దింపక, ఆ వాక్యమును మరల కలసి చదువుట మేలు.

ఇవి జరుగని యింట పుస్తకము పరీక్షతో మూతపడును. పెద్దవాడై అర్జీ చదువుటకైనను, ఒప్పందముపై సంతకము చేయుటకైనను అతడు ఇతరులపై ఆధారపడవలసి వచ్చును. కనుక పిల్లలకు పుస్తకము కొని యిచ్చుటతో మన బాధ్యత తీరిపోదని మా మనవి. వారు చదివినదానిని చెప్పుచుండగా వినుటకు ఇంటిలో ఒక్కరైనను తీరిక చేసికొనవలెను.