జ్ఞాపకం ఎక్కడ ఉంటుంది? హెన్రీ మోలైసన్ చరిత్ర

జ్ఞాపకాలు ఆత్మకు అంటిపెట్టుకుని ఉంటాయనీ, శరీరం కాలిపోయినా అవి పోవనీ మనవాళ్ళలో చాలామంది నమ్ముతారు. పూర్వజన్మ కథలన్నిటికీ ఈ నమ్మకమే పునాది. దీనికి గట్టి జవాబు అమెరికాలో ఒక మామూలు కార్మికుడి జీవితంలో దొరుకుతుంది. ఆ జవాబు కోసం అతను ఏం పోగొట్టుకున్నాడో కూడా తెలుసుకోవాలి.

హెన్రీ మోలైసన్ 1926లో కనెక్టికట్ రాష్ట్రంలో పుట్టాడు. పదేళ్ళ వయసులో మూర్ఛలు మొదలయ్యాయి. పదిహేనో ఏట నుంచి పెద్ద ఫిట్స్. మందులకు లొంగలేదు. చివరకు ఉద్యోగం కూడా చేయలేకపోయాడు.

అలాంటి ఇంటి బాధ నాకు కొంత తెలుసు. నేను ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగాను. రైలు ఉద్యోగాలకు వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి. మా వరసలో ఫిట్స్ వచ్చే కుర్రవాడు ఒకడు ఉండేవాడు. పడిపోగానే చేతిలో తాళాల గుత్తి పెట్టేవారు, ఉల్లిపాయ వాసన చూపించేవారు. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. డాక్టరు గుర్తొచ్చింది ఆ తర్వాతే. మన చట్టమూ తక్కువ తినలేదు. 1976లో సవరించిన హిందూ వివాహ చట్టం తరచు మూర్ఛ వచ్చేవారిని పెళ్ళికి అనర్హులను చేసింది. ఆ మాట తీసేయటానికి 1999 దాకా పట్టింది. కాబట్టి హెన్రీ, అతని తల్లిదండ్రులు ఆపరేషన్‌కు ఎందుకు ఒప్పుకున్నారో అర్థం చేసుకోవచ్చు.

1953లో హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రిలో విలియం స్కోవిల్ అనే సర్జన్ ఆ ఆపరేషన్ చేశాడు. మెదడులో రెండు వైపులా కణతల లోపలి భాగాన్ని, అందులో హిప్పోకాంపస్‌ను చాలావరకు తీసేశాడు. ఆ భాగం చేసే పని ఏమిటో అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు. కాలం అలాంటిది. మానసిక రోగాలకు మెదడు ముందు భాగంలో నరాలు కోసే పద్ధతికి 1949లో ఈగాస్ మోనిజ్‌కు నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఫిట్స్ బాగా తగ్గాయి. కాని ఆ రోజు నుంచి హెన్రీకి కొత్త జ్ఞాపకం దాదాపు ఏదీ నిలవలేదు. తల్లిదండ్రులు, చిన్ననాటి సంగతులు గుర్తే. మాట చక్కగా ఉంది, తెలివి తగ్గలేదు. రోజూ చూసే డాక్టరు మాత్రం రోజూ కొత్త మనిషే. భోజనం చేసిన నిమిషానికి మళ్ళీ వడ్డిస్తే మళ్ళీ తినేవాడు. దీనికి చికిత్స లేదు. ఇలా 55 ఏళ్ళు బతికాడు.

మాంట్రియల్ నుంచి వచ్చిన బ్రెండా మిల్నర్ అతన్ని పరీక్షించింది. 1957లో స్కోవిల్‌తో కలిసి ఆమె ప్రకటించిన వ్యాసం జ్ఞాపకశక్తి శాస్త్రాన్నే మార్చింది. మరో పరీక్షలో, అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ వెంట గీత గీయమన్నారు. మూడు రోజుల్లో చేయి బాగా తిరిగింది. ఇంతకు ముందు గీసినట్లు మాత్రం అతనికి తెలియదు. అంటే చేతికి వచ్చే నేర్పు వేరు, జరిగింది గుర్తుండటం వేరు. మెదడులో వాటి చోట్లూ వేరు.

ఆత్మవాదులను ఒక్కటి అడుగుతాను. కాస్త మాంసం తీసేస్తేనే నిన్నటి రోజు నిలవకపోతే, మెదడు మొత్తం బూడిదయ్యాక పోయిన జన్మ ఎలా నిలుస్తుంది?

నేను రక్షణ శాఖ లెక్కల్లో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. జమ ఒక్కటే చూసి పుస్తకం మూయటం మాకు అలవాటు లేదు. ఈ లెక్కలో జమ సైన్సుకు, ఖర్చు హెన్రీకి. అయిదు నిమిషాల్లో మరచిపోయే మనిషి ఇచ్చే సమ్మతికి విలువ ఎంత? అతని తరఫున ఎవరు సంతకం చేయాలి? స్కోవిల్ మనవడు ల్యూక్ డిట్రిచ్ 2016లో రాసిన పుస్తకం తర్వాత ఈ ప్రశ్నలు గట్టిగా వినిపించాయి. సైన్సును గౌరవించే మనమే వీటిని ముందుగా అడగాలి. తాయెత్తు కట్టేవాడు తన తప్పు లెక్క రాసుకోడు. స్కోవిల్, మిల్నర్ తమ వ్యాసంలోనే ఇలాంటి ఆపరేషన్ రెండు వైపులా చేయవద్దని హెచ్చరించారు. తేడా అక్కడ ఉంది.

హెన్రీ 2008 డిసెంబరు 2న 82వ ఏట చనిపోయాడు. అప్పటిదాకా లోకానికి అతను 'హెచ్.ఎం.' మాత్రమే. మరుసటి ఏడాది అతని మెదడును 2,401 పలుచని పొరలుగా కోసి భద్రపరిచారు.

మూర్ఛకు ఆపరేషన్ ఇప్పుడూ చేస్తున్నారు. తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థలో 1995 నుంచి జరుగుతోంది. ముందుగా జ్ఞాపకశక్తిని పరీక్షిస్తారు. రెండో వైపు హిప్పోకాంపస్ జోలికి వెళ్ళరు. ఆ జాగ్రత్త హెన్రీ వల్ల వచ్చింది. మీ ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ ఉంటే తాళాల గుత్తి పక్కన పెట్టి నరాల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.