కంప్యూటరు భాషకు యజమాని ఎవరు?

కామాఠీపుర అను పేరు మనవారి పనితనమునకు సాక్ష్యము. పద్దెనిమిదవ శతాబ్దాంతము నుండి నిజాము సీమ తెలుగు జిల్లాల మేస్త్రీలు, కూలీలు ఇచ్చట స్థిరపడి ఈ నగరపు కట్టడములకు రాళ్లు మోసిరి. మేడలు పరులవయ్యెను. అయినను చాళ్లలో వారు మాట్లాడుకొన్న భాష మాత్రము వారిదే. దానికెవ్వరికిని అద్దె చెల్లింపవలసిన పని లేకపోయెను. నేటి కంప్యూటరు విషయమున ఈ అదృష్టము మనకు లేదు.

కంప్యూటరుకు మెదడు వంటి భాగమును ప్రాసెసరు అందురు. 'కూడుము', 'దాచుము', 'అటు పొమ్ము' వంటి కొన్ని ఆజ్ఞలే దానికి తెలియును. ఆ ఆజ్ఞల పట్టికయే దాని భాష. ఒక భాషకై సిద్ధపరచిన పని వేరొక భాష గల ప్రాసెసరుకు నేరుగా బోధపడదు.

ఈ విద్యకు మన దేశమున పునాది పడినది బొంబాయిలోనే. టాటా మౌలిక పరిశోధన సంస్థలో శ్రీ ఆర్. నరసింహన్ గారి నాయకత్వమున 1956లో నమూనా యంత్రము, 1960లో పూర్తి యంత్రము సిద్ధమైనవి. దానిలో సుమారు 2,700 వాల్వులుండెను. జ్ఞాపకమున 2,048 పదములు, పదమునకు 40 బిట్లు పట్టుచుండెను. 1962లో నెహ్రూగారు దానికి 'టిఫ్రాక్' అని పేరు పెట్టిరి. పిమ్మట 1969లో ట్రాంబేలో టి.డి.సి.-12 వెలసినది. దానిని తయారుచేసి అమ్మినది హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ. 1967లో ఆ సంస్థను నెలకొల్పి పెంచినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లున పుట్టి, బొంబాయిలో పనిచేసిన శ్రీ అయ్యగారి సాంబశివరావు గారు.

ఆ యంత్రములు నేడు లేవు. పనితనము కొరవడి కాదు. వాని భాష తెలిసినవారు కొద్దిమంది యగుటయు ఒక కారణమని నా మనవి. ఐ.బి.ఎం. వారు 1964లో చిన్న పెద్ద యంత్రములన్నిటికిని ఒకే భాష ఏర్పరచిరి. నాటి పనులు నేటి వారి యంత్రములపైనను నడచును. ఇంటెల్ వారి 1978 నాటి 8086తో పుట్టిన ఎక్స్-86 భాష నేటికిని బల్లమీది కంప్యూటర్లలో ఉన్నది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో 1985లో రూపుదిద్దుకొన్న ఆర్మ్ భాష దాదాపు ప్రతి సెల్‌ఫోనులోను కలదు. కాని వీనికి యజమానులున్నారు; వారి అనుమతి లేనిదే ఆ భాషలో ప్రాసెసరు చేయరాదు.

2010లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున రిస్క్-ఫైవ్ అను భాష పుట్టినది. దానికి రుసుము లేదు, ఎవ్వరైనను వాడుకొనవచ్చును. మద్రాసు ఐ.ఐ.టి. వారి 'శక్తి', తిరువనంతపురము సీ-డాక్ వారి 'వేగ' దానిపై నిర్మించినవే. మన పొవాయి ఐ.ఐ.టి. వారు 'అజిత్' ప్రాసెసరును స్పార్క్ అను మరియొక బహిరంగ భాషలో రూపొందించిరి.

నేడు హైదరాబాదులో ఇంటెల్, ఎ.ఎం.డి., క్వాల్‌కామ్ సంస్థల కార్యాలయములందు మన యువకులు, యువతులు ప్రాసెసర్లకు రూపకల్పన చేయుచున్నారు. గౌరవమైన పనియే, కాని ఆ మేడలును పరులవే. మన చాళ్ల పిల్లలలో ఈ విద్య నేర్చువారు జీతముతోపాటు ఈ సంగతియు తలంతురుగాక! రాయి మోయుట తాతలు నేర్పిరి. పునాది మనదిగా చేసికొనుట ఈ తరము వంతు.